అయస్కాంతానికి అంటని మేకులు

"నిండలేదు చూడు. అడుగైనా సరిగ్గా కప్పలేదు. మూడుసార్లు తిరిగాక ఈ బకెట్టులో మేకులు ఇదిగో, ఈ సొట్ట దాకా రావాలి. ఇరవై ఆరేళ్ళుగా వస్తున్నాయి. ఈ ఏడేమైంది? నువ్వు కాస్త పక్కకి జరుగు మెన్నో, సరిగ్గా నా దారిలోనే నిలబడతావేం?"

హిస్కె వారింగ నా చేతిలోంచి బకెట్టు లాక్కుని, లోపలికి తొంగిచూసి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది. ఆ పొద్దున అలా చేయడం అది నాలుగోసారి. కాళ్ళకి రబ్బరు బూట్లు, ఒంటి మీద మోకాళ్ళ దాకా దిగిన పాత వానకోటు, ముందు ఆమె తోసే అయస్కాంతం బండి. మనిషికి డెబ్బై నాలుగేళ్ళు. ఎడమ తుంటి అరిగిపోయింది. అయినా ఆమె వెనక నడుస్తూ ఆయాసపడింది నేనే.

శనివారం, తొమ్మిది కూడా కాలేదు. ముందురోజు మధ్యాహ్నం దాకా మేం తిరుగుతున్న ఆ పొలంలో ఒక ఊరు ఉంది. సరుకులు మోసే చెక్క పాలెట్లతో నూట పన్నెండు మంది పిల్లలు వేసవి శిబిరంలో వారం రోజుల పాటు కట్టిన ఊరు. గుడిసెలు, మేడలు, ఒక మంగలి షాపు, రెండు జైళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళే అన్నిటినీ పీకేసి, పాలెట్లు గేటు దగ్గరి ట్రాలీకి ఎక్కించి, బురద కాళ్ళతో ఇళ్ళకి పోయారు. మిగిలింది పచ్చగడ్డి మీద చదరం చదరంగా పాలిపోయిన మచ్చలు. ఏ మచ్చ ఏ గుడిసెదో హిస్కె ఇంకా చెప్పగలదు.

"ఇది జైలు. దీని పక్కది కూడా జైలే. వీళ్ళు వాళ్ళనీ, వాళ్ళు వీళ్ళనీ పట్టుకోవాలట, అందుకని ఇద్దరూ జైలే కట్టుకున్నారు" అంది బండి తిప్పుతూ.

బండి కీచుమంది. అది ఆమె భర్త గోస్సె చేసింది. పాలు పితికే యంత్రాలు బాగుచేసేవాడు గోస్సె. కూతుళ్ళిద్దరినీ తిప్పిన తోపుడుబండి చక్రాలు విప్పి, వాటి మధ్య బారెడు అయస్కాంతపు కడ్డీ బిగించి ఇచ్చాడు. అతను పోయి తొమ్మిదేళ్ళయింది. చక్రాలకి నూనె పెట్టే పని తనదేనని చివరిదాకా అంటూ ఉండేవాడు కాబట్టి ఆమె ఇప్పటికీ పెట్టదు.

మా ఊరు విట్స్‌మార్‌లో పిల్లలు ఆమెని మేకుల మామ్మ అంటారు. ముప్పై ఏళ్ళు చీజు గిడ్డంగిలో బండచక్రాల్లాంటి చీజులు తిరగేసి తిరగేసి ఆమె ముంజేతులు వడ్రంగి చేతుల్లా అయ్యాయి. శిబిరం జరిగే వారమంతా పొలం మూల రేకుల షెడ్డులో కూర్చుంటుంది. దానికి మేకుల కొట్టు అని పేరు. పిల్లవాడికైనా పిల్లకైనా మొదటిసారి పెరుగు కప్పులో ఇరవై మేకులు పోసి ఇస్తుంది. రెండో కప్పు కావాలంటే వంకర మేకులు తేవాలి. ఎన్ని వంకరవి తెస్తే అన్ని కొత్తవి. తెచ్చినవాటిని దాగలి మీద పెట్టి ఎలా సాపు చేయాలో చూపిస్తుంది. అందుకని గడ్డిలో పడ్డ మేకుల్లో సగం పిల్లల కప్పుల్లోకే తిరిగొస్తాయి. మిగతా సగాన్ని ఈ బండి ఏరుతుంది.

"అయితే మంచిదేగా అక్కా. ఈ ఏడు పిల్లలు జాగ్రత్తగా కొట్టి ఉంటారు" అన్నాను.

ఆమె ఆగింది. "పిల్లలు జాగ్రత్తపడ్డారా? అదే నిజమైతే నాకింకా భయం. నూట పన్నెండు మంది ఒకేసారి జాగ్రత్తపడ్డారంటే ఏదో రోగం వచ్చినట్టే." మళ్ళీ కదిలింది. "ఈ ఏడు దరఖాస్తు కాగితం చూశావా? నాలుగు పేజీలు. నీ బిడ్డకి గడ్డి పడుతుందా, గాలి పడుతుందా, అరుపులు పడతాయా. ఒకావిడ నాకు ఫోన్ చేసి రబ్బరు సుత్తులు ఉంటాయా అని అడిగింది. రబ్బరు మేకులు దొరికితే అవీ తెప్పిస్తానన్నాను. నవ్వలేదు మహాతల్లి."

ఇది చెబుతున్నంతసేపూ ఆమె కళ్ళు గడ్డిని వదలలేదు. నవ్వే తీరిక ఆమెకి ఆ రోజు లేదు. ఎందుకో ఊరందరికీ తెలుసు.

పొలం పాడి రైతు రిక్స్ట్‌ది. అంతకుముందు వాళ్ళ నాన్నది. ఆయన బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆగస్టులో ఒక వారం గడ్డి కోసిన పొలాన్ని చెయ్యి కలిపి ఇచ్చేవాడు, కాగితం లేదు, కబురు లేదు. నిరుడు శిబిరం అయిన నెలకి రిక్స్ట్ పెయ్య ఒకటి మేత మానేసింది. పొట్టలో మేకు. పశువుల డాక్టరు దానికి వేలెడంత అయస్కాంతం మింగించి ఎలాగో దక్కించాడు. ఏప్రిల్లో రిక్స్ట్ శిబిరం కమిటీకి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది: "ఈ ఒక్క ఏడూ ఇస్తా. సోమవారం ఆవుల్ని తోలే ముందు నేనే అయస్కాంతం పట్టుకుని పొలమంతా తిరుగుతా. ఒక్క మేకు దొరికిందా, వచ్చే ఏడు వేరే పొలం చూసుకోండి." వేరే పొలం లేదు. విట్స్‌మార్ చుట్టూ మిగతాదంతా మొక్కజొన్న, నీటి కాలవలు.

"ఇంకోసారి అడ్డంగా తిరుగుదాం" అంది హిస్కె. ఇప్పటిదాకా నిలువుగా తిరిగాం. పడమర నుంచి మబ్బు ఎక్కుతోంది. తీతువు పిట్టలు గుంపుగా లేచి, ఎక్కడ వాలాలో తేల్చుకోలేనట్టు మళ్ళీ మళ్ళీ తిరుగుతున్నాయి.

అడ్డంగా తిరుగుతూ తన చిన్ననాటి సంగతి చెప్పింది. అడగక్కర్లేదు, బండి తోస్తున్నప్పుడు దానంతటదే వస్తుంది.

"నాకు తొమ్మిదేళ్ళు. అన్నయ్యా నేనూ నాన్న గడ్డి పొలంలో పాత కంచె పలకలతో గుడిసె కట్టాం. గుడిసె అంటే మూడు గోడలు. నాలుగో వైపు ఆకాశం. అందులో కూచుని ఇంటికి పోమని ఒట్టేసుకున్నాం, ఆకలేసేదాకా. శీతాకాలం రాకముందే బొంటె చచ్చిపోయింది. మచ్చల ఆవు, పాలు బాగా ఇచ్చేది. కోసి చూస్తే లోపల మేకు. నాన్న ఏమీ అన్లేదు. అరిచుంటే బాగుండేది. ఒక గుర్రపునాడా అయస్కాంతానికి తాడు కట్టి నా చేతికిచ్చి, మిగతావి ఏరమన్నాడు."

"ఎన్ని దొరికాయి?"

"నలభై ఒకటి. పది రోజులు మోకాళ్ళ మీద పాకాను. బడి నుంచి రాగానే అదే పని. ఐదో రోజుకి నాకు గడ్డిలో దారులు కనపడ్డం మొదలైంది. చీమలు ఎటు పోతాయో, చుంచు ఎక్కడ తవ్విందో. అది శిక్షో ఆటో నాకిప్పటికీ తెలీదు." బండి ఆపి, కడ్డీకి అంటుకున్న రెండు మేకులు తీసి బకెట్లో పడేసింది. "తర్వాతి వేసవిలో నాన్న పలకలు మళ్ళీ అక్కడే తెచ్చి పడేశాడు. పైన సుత్తి పెట్టాడు. అమ్మ గొడవపడింది, ఇంత జరిగాక మళ్ళీనా అని. నాన్న ఒకటే మాటన్నాడు. దానికి ఇప్పుడు ఏరడం కూడా వచ్చుగా, అన్నాడు."

ఇంకేదో చెప్పబోయింది. అంతలో గేటు దగ్గర సైకిలు పడిన చప్పుడైంది.

వచ్చింది యింకె. బేకరీ వీధిలో ఉంటుంది, తొమ్మిదేళ్ళ పిల్ల. సోమవారం నాడు సుత్తిని పిడి వదిలి ఇనప తల దగ్గర పట్టుకుని, మేకు మీద టిక్కు టిక్కుమని తట్టి, దిగలేదని ఏడ్చింది ఈ పిల్లే. గురువారానికి బొటనవేలి గోరు నల్లబడితే, రెండు కేకు ముక్కలు ఇచ్చినవాళ్ళకే చూపిస్తానని బేరం పెట్టింది కూడా ఈ పిల్లే.

"మేకుల మామ్మా, సుత్తి. మర్చిపోయి ఇంటికి తీసుకెళ్ళా."

"మర్చిపోయావా, దాచుకున్నావా?"

"కొంచెం దాచుకున్నా" అంది యింకె. "అమ్మ ఇచ్చేసి రమ్మంది."

షెడ్డు గోడకి సుత్తుల పలక ఉంది. ప్రతి సుత్తి చుట్టూ గీత గీసి ఉంటుంది, ఏది తిరిగి రాలేదో ఇట్టే తెలియడానికి. నిన్నటి నుంచి ఖాళీగా ఉన్న ఒక్క గీతలో హిస్కె సుత్తి తగిలించి వెనక్కి తిరిగేసరికి, యింకె కోటు జేబులోంచి పెరుగు కప్పు తీసి నిలబడి ఉంది.

"ఇవి కూడా. పదకొండు. మెరుస్తున్నాయని ఉంచుకున్నా."

హిస్కె ఒక మేకు తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. వెండిలా ఉంది. బయటికి వచ్చి, బండి తిరగేసి, కడ్డీకి ఆనించి వదిలింది. మేకు జారి గడ్డిలో పడింది. ఇంకొకటి ఆనించింది. అదీ జారింది. మూడోది. తర్వాత ఆమె మోకాళ్ళ మీద కూలబడి, పడిన మూడింటినీ వెతకడం మొదలుపెట్టింది. రెండు దొరికాయి. మూడోది కళ్ళ ముందు పడ్డదే, ఎంతకీ దొరకలేదు. చివరికి యింకెకే కనపడింది.

"ఇవెక్కడివమ్మా?"

"వొబ్బె మామయ్య ఇచ్చాడు. బుధవారం, నువ్వు ఆస్పత్రికి పోయినప్పుడు. పెట్టె తెరిచి పెట్టి, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి అన్నాడు." యింకె ముఖం మారిపోయింది. "నేను తప్పు చేశానా?"

"నువ్వు కాదు. నువ్వు దాచుకోబట్టే తెలిసింది." ఆమె ఆ మూడు మేకుల్నీ తిరిగి కప్పులో వేసింది. "మెన్నో, వొబ్బెకి ఫోన్ చెయ్యి. వెంటనే రమ్మను. కాఫీ తాగుతున్నానంటే కప్పుతో సహా రమ్మను."

వొబ్బె మా కమిటీ పెద్ద. బడిలో తాళాలు, బాయిలరు, పిల్లల ముక్కులు అన్నీ చూసుకునే మనిషి. మంచివాడు, మంచితనంతోనే పనులు చెడగొడతాడు. పది నిమిషాల్లో సైకిలు మీద వచ్చాడు. అప్పటికి హిస్కె కాలవ గట్టు నుంచి గేటు దాకా, గేటు నుంచి కాలవ గట్టు దాకా నాలుగు విడతలు నడిచింది.

"అవా? ఫస్టు క్లాసు సరుకక్కా! పడవల షెడ్డు వాళ్ళు ఊరికే ఇచ్చారు. రెండు పెట్టెలు. స్టెయిన్‌లెస్ స్టీలు. తుప్పు పట్టదు" అన్నాడు సంబరంగా.

"తుప్పు పట్టదు. అయస్కాంతమూ పట్టదు. ఆవు కడుపులో పడితే డాక్టరు వేసే అయస్కాంతమూ దీన్ని పట్టదు. ఎంత మంచి సరుకు తెచ్చావు నాయనా!"

వొబ్బె ముఖంలో రంగు దిగిపోయింది. పొలం వైపు చూశాడు, బండి వైపు చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎన్ని పెట్టెకి?" అంది ఆమె.

"ఐదొందలు. రెండో పెట్టెలో కొన్ని మిగిలాయి. నూట ఎనభయ్యో ఎంతో."

"వంకరవి తెస్తేనే ఇచ్చావా?"

"వరస పెద్దదైపోయిందక్కా. వాన మొదలైంది. పిల్లలు తడుస్తున్నారని..."

"పిల్లలు తడుస్తారు వొబ్బె. తడవడానికే వచ్చారు."

ఎనిమిది వందల పైచిలుకు మేకులు. అందులో ఎన్ని పాలెట్లలో దిగాయో, ఎన్ని వంగి, విసిరేస్తే గడ్డిలో పడ్డాయో చెప్పేవాళ్ళు లేరు. యింకె ట్రాలీ ఎక్కి కూర్చుని, మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూస్తోంది.

వొబ్బె నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు, అయినా హిస్కెకి వినపడేంత. "ఒక మాట. రిక్స్ట్ చూసేది కూడా అయస్కాంతంతోనే కదా? సోమవారం ఆవిడకి ఒక్కటీ దొరకదు. పొలం మనకి ఉంటుంది. తర్వాత మనం మెల్లిగా, మూడో కంటికి తెలీకుండా..."

హిస్కె అతనివైపు నడిచింది. కొడుతుందేమో అనుకున్నాను.

"నీకిప్పుడు తట్టిందా? నాకు మూడో మేకు జారినప్పుడే తట్టింది" అంది. "ఇంతసేపూ అటూ ఇటూ ఎందుకు తిరుగుతున్నాననుకున్నావు, తుంటికి వ్యాయామమనా?" మళ్ళీ రెండడుగులు అటు వేసి ఇటు వచ్చింది. "ఇరవై ఆరేళ్ళు. వచ్చే ఏడు ఇక్కడ మొక్కజొన్న వేస్తే ఈ పిల్లలకి సుత్తి ఎవడిస్తాడు? ఇళ్ళలో ఇవ్వరు. బడిలో ఇవ్వరు. మోకాలు గీసుకుంటే ఎంతసేపు మండుతుందో కూడా తెలీకుండా పెద్దవుతారు. నోరు మూసుకుంటే పొలం ఉంటుంది. తెలుసు. నాకు బాగా తెలుసు."

ట్రాలీ మీంచి యింకె అడిగింది: "మరి ఆవో?"

హిస్కె ఆ పిల్ల వైపు చూసింది. తర్వాత యింకె చేతిలోని పెరుగు కప్పు తీసుకుని, గేటు దాటి, రిక్స్ట్ పాలషెడ్డు వైపు నడవడం మొదలుపెట్టింది. నేను వెనకే వెళ్ళాను. వొబ్బె రెండడుగులు వేసి ఆగిపోయాడు, తర్వాత వచ్చాడు. యింకె అందరికంటే ముందు పరిగెత్తింది.

రిక్స్ట్ గొట్టంతో గచ్చు కడుగుతోంది. ముప్పై ఐదేళ్ళుంటాయి, వాళ్ళ నాన్న పోలికే, మాట తక్కువ. మమ్మల్ని చూసి నీళ్ళు కట్టేసింది.

"ఏంటి పెద్దమ్మా, ఊరేగింపా?"

హిస్కె కప్పు ఆమె చేతికిచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా జరిగిందంతా చెప్పింది. పెట్టెలెన్ని, మిగిలినవెన్ని, బుధవారం తను లేకపోవడం. వొబ్బె పేరు మాత్రం ఎత్తలేదు, "మేం ఇచ్చాం" అంది. వొబ్బె గోడ వైపు చూస్తూ, "నేనిచ్చా" అన్నాడు.

రిక్స్ట్ గూట్లోంచి ఆవులకి మింగించే అయస్కాంతం ఒకటి తీసింది. కప్పులో ముంచి పైకెత్తింది. ఒక్క మేకూ అంటలేదు. మళ్ళీ ముంచింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

"పెయ్య పడిపోతే గానీ తెలిసేది కాదు."

"అవును."

"వచ్చే ఏడు సంగతి ఇప్పుడు నన్నడక్కు పెద్దమ్మా. నేనిప్పుడు ఏం చెప్పినా కోపంలో చెప్పినట్టవుతుంది."

"నేనడగలేదు."

రిక్స్ట్ కప్పుని అటూ ఇటూ కదిపింది, మేకులు గలగలమన్నాయి. "సోమవారం తోలను. గురువారం పొద్దున పాలు పితికాక గేటు దగ్గరికి వస్తా. అయస్కాంతం తీసుకురాను, దాంతో పనేముంది? నువ్వక్కడ ఉండు. తోలమంటే తోలతా. వద్దంటే నీ కారణం నేనడగను, మళ్ళీ షెడ్డులో కట్టేస్తా. అంతే." గొట్టం అందుకుంది. నీళ్ళు విప్పే ముందు యింకె వైపు తిరిగింది. "నీ గుడిసె ఏది?"

"కాలవ పక్కది. మేడ."

"అక్కడ నేల మెత్తన. నా మేడ కూడా అక్కడే కూలింది" అని నీళ్ళు విప్పేసింది.

తిరిగొచ్చేటప్పుడు హిస్కె అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఊరట అనుకుంటే పొరపాటు. ఇంతవరకు ఆమె జవాబు చెప్పాల్సింది రిక్స్ట్ అయస్కాంతానికి. ఇప్పుడు తన నోటితో తోలమనాలి, ఒక ఆవు ప్రాణానికి ఆ మాటే పూచీ. అది ఆమె నడకలోనే తెలుస్తోంది. గేటు దగ్గర ఆగి, పాలిపోయిన చదరాలని చూస్తూ వేళ్ళు మడిచింది.

"వొబ్బె, నువ్వు ట్రాలీ ఎక్కు. ప్రతి పలకా తిప్పి, మెరిసే మేకుతల ఎక్కడున్నా లెక్కపెట్టు. తప్పు లెక్క చెప్పావంటే మళ్ళీ మొదట్నుంచి పెట్టిస్తా. వెయ్యిలో అవీ, పెట్టెలో మిగిలినవీ, యింకె దాచిన పదకొండూ పోగా ఎన్ని మిగిల్తే అన్ని గడ్డిలో ఉన్నట్టు. అన్నీ దొరికితే గానీ గురువారం తోలమనడానికి నా నోరు పెగలదు." బూటు కాలితో అయస్కాంతం బండిని పక్కకి తోసింది. "ఇది దేనికీ పనికిరాదు. ఇప్పుడు మోకాళ్ళే గతి."

"నేను మొదలుపెట్టనా?" యింకె అప్పటికే కాలవ పక్కన తన మేడ మచ్చ మీద బోర్లా పడుకుని ఉంది. మొదటి చినుకు పడింది.

"పెట్టు. వేళ్ళతో దువ్వు, తల దువ్వినట్టు. పాపిట తీస్తూ పో." హిస్కె తుంటి పట్టుకుని, నెమ్మదిగా, ఒక్కో మోకాలూ నేల మీద ఆనించింది. అక్కణ్ణించి తల ఎత్తి నా వైపు చూసింది. నేనింకా బకెట్టు పట్టుకునే నిలబడ్డాను.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా? ఆ బకెట్టు కింద పెట్టు. సైకిలు తీసుకుని ఇంటింటికీ పో. బేకరీ వీధి నుంచి మొదలుపెట్టు, అక్కడ తొమ్మిది మంది ఉన్నారు. ఎవరి గుడిసె చోటు వాళ్ళే వెతకాలని చెప్పు. తలో పెరుగు కప్పు తెచ్చుకోమను. రెండు జైళ్ళ వాళ్ళనీ ముందు పట్టుకురా, వాళ్ళు పోటీపడి ఏరతారు. తల్లులు వాన అంటే, అవును వానే అను. ఆ రబ్బరు సుత్తుల ఆవిడ ఉంది చూడు, చర్చి వెనక ఇల్లు, ఆవిణ్ణి మాత్రం పిల్లాణ్ణి పంపమని అడక్కు మెన్నో. ఆవిణ్ణే రమ్మను."